కలలో మెలకువ: యశోద అడిగిన ప్రశ్న

మా నారాయణఖేడ్ వైపు ఎవరికీ కల రాదు. మనిషే కలవడతాడు. "రాత్రి మీ నాయిన కలవడ్డడు బిడ్డా" అంటుంది మా అమ్మ. ఈ వాక్యంలో కర్త ఎవరో గమనించండి. కల కన్నది అమ్మ. వాక్యాన్ని నడిపేవాడు మాత్రం పోయిన మనిషి. ఆయనే వచ్చాడు, ఆయనే కనబడ్డాడు, ఆయనే ఏదో అడిగి వెళ్ళాడు. నిద్రపోతున్నవారికి అందులో వాకిలి తెరిచి ఉంచడం తప్ప వేరే పని లేదు. విన్నవాళ్ళు తిరిగి అడిగే ప్రశ్న కూడా ఒకటే: "ఏమన్న అడిగిండా?" అడిగి ఉంటే మరునాడు ఆ వంటకం చేసి, ఒక ముద్ద గోడ మీద పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తారు.

నాయిన పోయిన తరువాత నాకు ఒకే కల చాలాకాలం పాటు వచ్చింది. పాత ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన మంచినీళ్ళు అడుగుతారు. నేను లోపలికి వెళ్ళి చెంబు తెచ్చేసరికి తలుపు ఉన్నచోట గోడ ఉంటుంది. ఆయన పోయిన రాత్రి నేను హైదరాబాదులో ఉన్నాను. బస్సు పట్టుకొని చేరేసరికి తెల్లవారింది. కనుక ఈ కలకు అర్థం చెప్పడానికి ఏ స్వప్నశాస్త్రమూ అక్కరలేదు. నాకు కావలసినది అర్థం కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కల నడుస్తుండగా "ఇది కల" అనే ఎరుక నాకు కలగాలి. కలిగితే గోడను చూసి భయపడను, చెంబు అందించగలను. ఈ కోరికతోనే చదవడం మొదలుపెట్టాను. చదువు ఎక్కడెక్కడికో వెళ్ళింది. మిత్రులు ఓపిక పట్టాలి.

ముందుగా పేరు సంగతి. కల నడుస్తుండగానే అది కల అని తెలిసే స్థితిని ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమ్ అంటున్నారు. హాలెండుకు చెందిన రచయిత, మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో రాసిన వ్యాసంతో ఆ మాట స్థిరపడింది. 1898 నుంచి 1912 దాకా తనకు వచ్చిన అటువంటి కలలు 352 అని ఆయన లెక్క రాసుకున్నాడు. మరి తెలుగులో ఏమనాలి? పాత టపాకారులకు మాటలు పుట్టించే జబ్బు ఒకటి ఉండేది గదా, నాకింకా తగ్గలేదు. "స్వప్నజాగ్రత్" అనే మాట చూడగానే సరిపోయిందనిపించింది. కాని యోగవాసిష్ఠం ఉత్పత్తి ప్రకరణంలో అజ్ఞానానికి ఏడు మెట్లు చెబుతూ ఆ మాటను సరిగ్గా తలకిందుల అర్థంలో వాడారు. అక్కడ స్వప్నజాగ్రత్తు అంటే చాలాకాలం సాగి, మెలకువే అనిపించేంతగా గట్టిపడిన కల. మోసపోవడానికి పేరు అది, మేలుకోవడానికి కాదు. అందుకని "ఎరుక గల కల" అని సరిపెట్టుకుంటున్నాను. ఎరుక చెప్పడమంటే మన ఊళ్ళలో రాబోయేది చెప్పడం కూడాను. ఆ అర్థం నాకు పనికిరాదు, అయినా మాట మీద మమకారం పోలేదు. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఇక మన సాహిత్యంలో కలలు. తెలుగు కావ్యాల అవతారికలు కలల మీద నిలబడి ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలుపెడుతూ, కలలో తన తండ్రి కొమ్మన దండనాథుడు కనిపించాడని, ఆ వెనుక హరిహరనాథుడే ప్రత్యక్షమై కృతి అడిగాడని చెప్పాడు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో హరివాసరం ఉపవసించాడు. ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి గోదాదేవి కథను తెలుగులో చెప్పమన్నాడు. ఆముక్తమాల్యద అట్లా పుట్టింది. బమ్మెర పోతన మరొక రకం. చంద్రగ్రహణం నాడు నదిలో స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుని, కన్నులు కొద్దిగా తెరిచి ధ్యానిస్తుండగా రాముడు కనిపించాడంటాడు. అది నిద్ర కాదు, పూర్తి మెలకువా కాదు. పోతన ఆ మాత్రం జాగ్రత్తగా చెప్పడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

నాలుగో జాము అన్నది ఉత్తుత్తి అలంకారం కాదు. తొలిజాము కల ఫలించడానికి ఏడాది పడుతుందనీ, తెల్లవారుజాము కలకు కొద్ది రోజులే గడువనీ స్వప్నశాస్త్రాలు చెప్పాయి. ఇంట్లో పెద్దవాళ్ళూ అదే అంటారు. ఫలం మాట దేవుడెరుగు గాని, తెల్లవారుజాముకు ఒక ప్రత్యేకత ఉన్నది నిజం. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కనుగుడ్లు చురుకుగా కదిలే ఘట్టాలున్నాయని ప్రకటించారు. వాటినే రెమ్ నిద్ర అంటున్నాం. ఇవి సుమారు తొంభై నిమిషాలకొకసారి వస్తాయి, తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. వర్ణమయమైన పెద్ద కలలన్నీ ఎక్కువగా అక్కడే ఉంటాయి. రాయలవారి కల పడవలసిన చోటనే పడింది.

ఈ కలలన్నిటిలో ఒక పోలిక ఉంది. అవి ఆజ్ఞలు. తండ్రి చెబుతాడు, దేవుడు అడుగుతాడు, కవి తలవంచి లేచి గంటం పడతాడు. "ఇది నా మనసు కల్పించిన బొమ్మేమో" అని కలలో ఎవరూ అడగరు. ఉత్తరహరివంశంలో నాచన సోముడి ఉష కూడా అంతే. కలలో కనబడినవాడు లోకంలో ఉండి తీరాలి. చిత్రరేఖ పని అతని బొమ్మ గీసి పెట్టడమే. తిక్కనకు ఆ రాత్రి ఎరుక గల కల వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఎదురుగా నిలబడినవాడు నాన్న కాదని తెలిసి ఉంటే ఆ పదిహేను పర్వాల సంగతేమిటి? ఈ ప్రశ్న నా చదువుకు మొదట్లోనే అడ్డం పడింది, ఇప్పటికీ తొలగలేదు.

అయితే అడగవలసిన ప్రశ్నను మన భాషలో ఒకరు అడిగారు, అదీ పట్టపగలు. భాగవతం దశమస్కంధం. మన్ను తిన్నావా అని గద్దించి పిల్లవాడి నోరు తెరిపించిన యశోదకు అందులో లోకాలన్నీ కనిపించాయి. అప్పుడామె తనలో తాను అనుకునే పద్యం తెలుగు చదువుకున్న ప్రతివారికీ కంఠస్థమే కాబట్టి ఎత్తి రాయను. ఆమె పద్ధతిని మాత్రం చూడండి. ముందు ఇది కలేమో అని శంకిస్తుంది. తరువాత విష్ణుమాయేమో అంటుంది. ఆపైన తన బుద్ధి సరిగ్గా ఉన్నదా అని చూసుకుంటుంది. అక్కడితో ఆగక, తాను తానేనా, ఇది తన ఇల్లేనా, ఈ పిల్లవాడు ఎంతటివాడు అని ఒక్కొక్క కొయ్యనూ కదిలించి చూస్తుంది. చిన్నప్పుడు దీన్ని ఆశ్చర్యాలంకారమనుకొని వల్లె వేశాం. ఇప్పుడు చదివితే పరీక్షాపత్రంలా ఉంది.

ఎందుకంటే జర్మనీలో పాల్ థోలీ అనే మనస్తత్వవేత్త 1959లో మొదలుపెట్టి తయారుచేసిన పద్ధతి సరిగ్గా ఇదే. పగటిపూట కనీసం ఐదు నుంచి పది సార్లు, ముఖ్యంగా ఏదైనా వింత ఎదురైనప్పుడు, "నేనిప్పుడు కలగంటున్నానా?" అని అడగాలి. ఊరికే అడిగి అవునో కాదో అనుకోవడం కాదు. చుట్టూ చూడాలి, ఇక్కడికి ఎట్లా వచ్చానో వెనక్కి గుర్తు తెచ్చుకోవాలి, నిజంగా సందేహించాలి. పగలు అలవాటైనదే రాత్రి కలలోకి వస్తుంది గనుక, ఏదో ఒక రాత్రి కలలో కూడా ఆ ప్రశ్న పుడుతుంది. అప్పుడు సమాధానం మారుతుంది. పరీక్షలు అనేకం చెబుతారు. వేళ్ళు లెక్కపెట్టుకోవడం, ఒక అక్షరపంక్తి చదివి తల తిప్పి మళ్ళీ చదవడం, ముక్కు మూసుకొని గాలి పీల్చి చూడడం. కలలో వేళ్ళు ఆరవుతాయి, అక్షరాలు మారిపోతాయి, మూసిన ముక్కులోంచి గాలి ఆడుతుంది. మనవాళ్ళు గిల్లి చూసుకుంటారు. ఆ పరీక్షను మాత్రం నమ్మకూడదు. కలలో గిల్లుకున్నా నొప్పి పుట్టవచ్చు.

థోలీకి ముందు కూడా కొందరున్నారు. నిద్రలో ఉన్నప్పుడు కనబడేది కల మాత్రమేనని లోపల ఏదో చెబుతూ ఉంటుందని అరిస్టాటిల్ ఎప్పుడో గుర్తించాడు. 1867లో పారిస్‌లో, పేరు లేకుండా, కలలను నడిపించే విధానం మీద ఒక పుస్తకం వచ్చింది. రాసినవాడు హెర్వే ద సెయింట్ దెనీ, తరువాతి కాలంలో చైనా భాషకు ఆచార్యుడు. పదమూడో ఏటనే కలలు రాసుకోవడం మొదలుపెట్టి 1946 రాత్రుల కలలను నోటుపుస్తకాలకెక్కించాడు. ప్రతి ఉదయమూ కల రాసుకోవడం అలవాటై, ఆ అలవాటే కలలోకి ప్రవేశించింది. కలలోనే "దీన్ని రాసుకోవాలి" అనుకున్నాడు. రాసుకోవాలంటే ఇది కల అయి ఉండాలి గదా! దినచర్య రాసేవాళ్ళకు దక్కిన ఫలం ఇది. అన్నేళ్ళు టపాలు రాసిన మనకు కలలో కీబోర్డు కనబడడం తప్ప ఏమీ దక్కలేదు.

ఇంతవరకు చెప్పినదంతా స్వానుభవం. ఎదుటివాళ్ళు నమ్మవలసిన పని లేదు, చాలామంది నమ్మలేదు కూడా. నిద్రపోతున్నవాడు ఎరుకతో ఉన్నాడని బయటినుంచి ఎట్లా తెలుస్తుంది? దీనికి దొరికిన ఉపాయం ముచ్చటైనది. రెమ్ నిద్రలో ఒళ్ళంతా కదలకుండా సడలి ఉంటుంది గాని కళ్ళు కదులుతాయి. కలలో కళ్ళు ఎటు తిప్పితే బయట కనుగుడ్లూ అటే తిరుగుతాయి. 1975 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ పెట్టిన యంత్రాల ముందు అలన్ వర్స్‌లీ అనే ఆయన నిద్రపోతూ, ముందే అనుకున్న ప్రకారం కళ్ళను కుడి ఎడమలకు తిప్పి "నేనిక్కడ ఉన్నాను" అని సైగ చేశాడు. దానితో సంబంధం లేకుండానే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబర్జ్ అదే సైగను పట్టుకొని 1980లో డాక్టరేటు పొందాడు. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు కలిసి 36 మందిని పరీక్షించినప్పుడు మరో మెట్టు ఎక్కారు. నిద్రలో ఉన్నవారిని బయటినుంచి చిన్న లెక్క అడిగితే, ఎనిమిదిలోంచి ఆరు పోతే ఎంత అంటే, కొందరు కలలోంచే రెండు అని కళ్ళతో చెప్పారు. నాకు ఈ వార్త చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. కలవడ్డవారితో మాట్లాడాలని ఆశపడిన ఊరివాణ్ణి నేను. ఇక్కడ బతికున్నవాళ్ళు కలలోపలివాళ్ళతో మాట్లాడుతున్నారు.

పగటి అలవాటు ఒక్కటే చాలునా? చాలదనే చెప్పాలి. 2017లో ఆస్ట్రేలియాలో డెన్హోమ్ ఆస్పీ 169 మందితో చేసిన పరిశీలనలో, పగలు పరీక్షలు చేసుకోవడం మాత్రమే అలవాటు చేసుకున్నవారికి పెద్దగా ఫలితం రాలేదు. సుమారు ఐదు గంటలు నిద్రపోయి లేచి, అంతకుముందటి కలను గుర్తు తెచ్చుకొని, "ఈసారి కలగంటే కల అని గుర్తుపడతాను" అని మనసులో దృఢంగా అనుకుని మళ్ళీ పడుకోవడం కూడా కలిపినవారికి 17 శాతం రాత్రుల్లో ఎరుక కలిగింది. ఈ రెండోది లాబర్జ్ చెప్పిన పద్ధతి. మళ్ళీ తెల్లవారుజామే! అన్నట్టు, ఏ సాధనా లేకుండా జీవితంలో ఒక్కసారైనా ఇటువంటి కల వచ్చినవారు నూటికి 55 మంది దాకా ఉంటారని, యాభై ఏళ్ళ అధ్యయనాలను కలిపి 2016లో వేసిన లెక్క ఒకటి ఉంది. మీలో సగం మందికి నేను చెప్పేది కొత్త కాదన్నమాట.

"దృఢంగా అనుకోవడం" అన్నచోట నాకు నాయిన జ్ఞాపకం వచ్చారు. ఆయన పొద్దున పూజకు ముందు సంకల్పం చెప్పుకునేవారు. సంకల్పంలో ఏముంటుంది? శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాను (మా ఊరు వాయవ్యం), ఏ నదుల మధ్య ఉన్నాను (కృష్ణా గోదావరులు), ఇది ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం, నా గోత్రమేది, నా పేరేది. ఆ తరువాత, ఇప్పుడు ఏ పని చేయబోతున్నాను. చిన్నప్పుడు ఆ వరస విని విసుక్కునేవాణ్ణి. దేవుడికి మన చిరునామా తెలియదా? థోలీని చదివాక తెలిసింది, అది దేవుడికి చెప్పే చిరునామా కాదు, తనకు తాను చెప్పుకునేది. ఎక్కడ ఉన్నాను, ఎప్పుడు ఉన్నాను, నేనెవరిని. యశోద కంగారులో అడిగిన ప్రశ్నలకు రోజూ ప్రశాంతంగా జవాబు చెప్పుకోవడం అది. సంకల్పం కలల కోసం పుట్టిందని నేననడం లేదు. అట్లా అంటే మన ప్రాచీనులకు అన్నీ తెలుసుననే వాదంలోకి జారిపోతాం, దానికి నేను బద్ధ వ్యతిరేకిని. అలవాటు మాత్రం ఇంట్లోనే ఉంది, పరధ్యానంగా చెప్పుకుంటున్నాం, అంతే.

పొద్దున లేవగానే అరచేతులు చూసుకునే ఆచారమూ అటువంటిదే. మా వైపు లింగాయతులు ఎక్కువ. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది, రాష్ట్రాల విభజనతో మెదక్‌కు వచ్చింది, 2016 నుంచి సంగారెడ్డి. బసవన్న కల్యాణం మాకు ఎంతో దూరం కాదు. నాలుగు భాషలు వినబడే ఊరు. మా పక్కింటి పెద్దాయన రోజూ ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచుకొని రెప్ప వేయకుండా చూస్తూ కూర్చునేవారు. కలలో మేలుకోవాలంటే చేతులు చూసుకోవాలని కార్లోస్ కాస్టనేడా 1972లో రాస్తే అమెరికా కుర్రకారంతా చేతులు చూసుకున్నారట. ఆ పుస్తకాలు కల్పితమని తరువాత చాలామంది తేల్చారు. చేతులు చూసుకునే చిట్కా మాత్రం నిలిచిపోయింది. నేను ఎంచుకున్న పరీక్ష కూడా అదే.

ఇప్పుడు అసలైన చోటికి వస్తాను. పగలు అలవాటు చేసి రాత్రి మేలుకోవడమనే పద్ధతిని శాస్త్రంగా కట్టినవారు పాశ్చాత్యులు కారు. టిబెట్టువారు నారోపా షడ్ధర్మాలనే సాధనలో స్వప్నయోగం ఒకటి. తిలోపా, నారోపా తూర్పు భారతానికి చెందిన సిద్ధులు. పదకొండో శతాబ్దంలో మార్పా అనే టిబెట్టు గృహస్థుడు ఇక్కడికి వచ్చి నేర్చుకొని తీసుకువెళ్ళాడు. అందులో స్వప్నయోగానికి ముందుమెట్టు మాయాదేహ సాధన. పగలంతా కనబడిన ప్రతిదాన్నీ, పొగడ్తను, తిట్టును, అద్దంలో తన ముఖాన్ని కూడా, ఇది కల వంటిదే అని చూడాలి. పగలు అట్లా చూడగలిగినవాడు రాత్రి కలను కలగా గుర్తిస్తాడు. గుర్తించాక కలను మారుస్తాడు, కలలోని నిప్పులో నీటిలో భయం లేకుండా దిగుతాడు. చివరికి ఆ మార్చే సరదాను కూడా వదులుతాడు. 1935లో ఇవాన్స్ వెంట్జ్ ప్రచురించిన అనువాదంతో ఇది పడమటి దేశాలకు తెలిసింది. థోలీ సాధకుడు పగలు "ఇది కలా?" అని అడిగి, కాదని తేల్చుకొని పని చూసుకుంటాడు. టిబెట్టు సాధకుడు "ఇదీ కలే" అంటాడు. రెండూ ఒకే అలవాటులా కనబడతాయి గాని వెళ్ళే దిక్కులు వేరు.

"ఇదీ కలే" అన్న మాటకు తెలుగు నేలతో చుట్టరికం ఉంది. ఉత్పత్తి స్థితి లయాలు మాయ వంటివి, కల వంటివి, గంధర్వనగరం వంటివి అన్న నాగార్జునుడు శాతవాహన రాజుకు సుహృల్లేఖ రాశాడు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం దగ్గర బోధించాడని టిబెట్టువారి సంప్రదాయం. గ్రంథం పదకొండో శతాబ్దిదని చరిత్రకారులంటారు, అయినా వాళ్ళ మనసులో ధాన్యకటకం చెరగలేదు. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చారు. మనలో చాలామంది బ్లాగులు తెరిచిన రోజులవి. ఆ తంత్రంలో మెలకువకు నుదుట, కలకు కంఠాన, గాఢనిద్రకు గుండెలో, నాలుగో స్థితికి నాభిలో ఒక్కొక్క బిందువు చెబుతారు. మాండూక్యం చెప్పిన నాలుగు అవస్థలు వేరే వేషంలో మళ్ళీ కనబడుతున్నాయి. ఆ రోజుల్లో పత్రికల్లో జనసమ్మర్దం గురించి చదివి పక్కన పెట్టాను. ఇప్పుడు విచారిస్తున్నాను.

మన ఇంటి గ్రంథం మరొకటుంది. యోగవాసిష్ఠాన్ని పదిహేనో శతాబ్దంలో మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెలుగులోకి తెచ్చాడు. తెలంగాణలోని రామగిరి ముత్తభూపాలుని మంత్రి కందనామాత్యునికి పద్మపురాణం కృతి ఇచ్చిన కవి ఇతడే. సకలనీతిసమ్మతం కూర్చిన లౌక్యుడు వాసిష్ఠం వైపు వెళ్ళడం ఆలోచించదగినదే. యోగవాసిష్ఠమంతా కలల గని. లవణ మహారాజు సభలో కూర్చుని క్షణంలో ఒక పూర్తి బతుకు, పేదరికం, పెళ్ళి, కరవు అనుభవించి తెలివి తెచ్చుకుంటాడు, మరునాడు వెతుక్కుంటూ వెళితే ఆ పల్లె నిజంగానే ఉంటుంది. నాకు అన్నిటికన్న ఇష్టమైనది నిర్వాణ ప్రకరణంలోని భిక్షువు కథ. ఒక భిక్షువు ధ్యానంలో జీవటుడనేవాడు అవుతాడు. జీవటుడు తాగి పడుకొని కలలో బ్రాహ్మణుడవుతాడు. ఆ బ్రాహ్మణుడి కలలో సామంతుడు, అతని కలలో రాజు, ఆపైన అప్సరస, లేడి, తీగ, తుమ్మెద, అలా సాగి సాగి హంస, చివరికి రుద్రుడు. రుద్రుడికి మాత్రం వెనుకటి వరసంతా తెలిసిపోతుంది. తెలిశాక ఆయన ఏం చేస్తాడన్నది కథలో గొప్ప చోటు. ఎగిరిపోడు, కలను తనకిష్టమైనట్టు దిద్దుకోడు. వెనక్కి బయలుదేరి భిక్షువును లేపుతాడు, ఇద్దరూ వెళ్ళి జీవటుణ్ణి లేపుతారు, ముగ్గురూ కలిసి బ్రాహ్మణుణ్ణి. ఒక్కొక్క కలలోకీ దిగి నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపడం. ఎరుక కలిగినవాడి పని ఇదని చెప్పిన కథ నాకు మరే సాహిత్యంలోనూ కనబడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. పగలంతా కలే అనుకోవడం అందరి ఒంటికీ పడదు. గౌడపాదుడు మెలకువా కలవంటిదే అన్నాడు. అదే పరంపరలోని శంకరులు, బ్రహ్మసూత్రభాష్యంలో విజ్ఞానవాదులతో వాదిస్తూ, మెలకువ కల వంటిది కాదు, కల మేలుకుంటే చెరిగిపోతుంది, ఇది అట్లా చెరగదు అని గట్టిగా చెప్పారు. ఆ మాట ఎంత అవసరమో నాకు నాలుగో వారంలో తెలిసింది. రోజుకు ఇరవైసార్లు అరచేయి చూసుకొని సందేహించేసరికి ఆఫీసులో మనుషులు గాజు వెనుక ఉన్నట్టు అనిపించసాగారు. తెల్లవారుజామున లేచి పడుకోవడం వల్ల నిద్ర చెడింది, చిరాకు పెరిగింది. అప్పుడు లెక్క తగ్గించాను. అప్పటినుంచి నాయినలాగే పొద్దున ఒకసారి సంకల్పం, తక్కువసార్లు చేయి, సెలవు రోజుల్లో మాత్రమే తెల్లవారుజాము మేలుకొలుపు. మనసు నిలకడగా లేనివారు ఈ సాధన జోలికి పోవద్దని నా అభిప్రాయం.

మూడో నెలలో, ఒక ఆదివారం తెల్లవారుజామున, అరుగు వచ్చింది. నాయిన కూర్చుని ఉన్నారు. నీళ్ళు అడిగారు. నేను లోపలికి తిరిగాను, గోడ. అలవాటుగా అరచేయి చూసుకున్నాను. వేళ్ళు లెక్కకు రాలేదు. చిటికెన వేలు దాటాక ఇంకా ఉన్నాయి. ఇది కల. చదివినవాళ్ళంతా చెప్పినట్టే రంగులు ఒక్కసారి చిక్కబడ్డాయి. గోడ మీది సున్నపు పొరలు కూడా కనబడుతున్నాయి. గోడను తలుపు చేయగలనని తెలుసు. చేశాను. బిందె అక్కడే ఉంది. చెంబు ముంచి తెచ్చాను.

తెచ్చి, ఇవ్వబోయి ఆగాను. ఎదురుగా ఉన్నది నాయిన కాదని నాకు తెలుసు. నా జ్ఞాపకం నాయిన వేషంలో నీళ్ళడుగుతోంది. తిక్కన గురించి వేసుకున్న ప్రశ్న అప్పుడే, అక్కడే వచ్చింది. రుద్రుడి కథ కూడా వచ్చింది, కాని లేపడానికి ఆయన నిద్రపోవడం లేదు. "ఇది కల నాయినా" అని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. పక్కన కూర్చుని చెంబు చేతికిచ్చాను. ఆయన తీసుకున్నారు. అక్కడితో మెలకువ వచ్చేసింది. కొత్తవాళ్ళకు సంతోషం ఎక్కువైనా కల చెదిరిపోతుందట.

అమ్మకు ఫోను చేశాను. ఆ పుస్తకాలూ పరిశోధనలూ ఏవీ చెప్పలేదు. "నాయిన కలవడ్డడమ్మా" అన్నాను.

"ఏమన్న అడిగిండా?"

"నీళ్ళడిగిండు. ఇచ్చిన."

కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తరువాత అడిగింది, "తాగిండా బిడ్డా?"